ధనియాలు దించే వేళ

ఫిబ్రవరి 12, 1967. ఆదివారం.

మా ల్యాబు స్టోర్సులో మిగిలిపోయిన డైరీ ఇది. జనవరి మొత్తం ఖాళీగా వదిలేసి ఫిబ్రవరిలో మొదలుపెట్టడం స్టోర్ కీపరు చెయ్యాల్సిన పని కాదు. కాని ఒక విషయం ఎవరికీ చెప్పుకోలేను, చెప్పుకోకుండా ఉండనూ లేను. అందుకని ఇక్కడ రాసి, బీరువాలో పాత పంచాంగాల కింద దాస్తాను.

పది రోజులు ఫ్లూ జ్వరం కాసింది. తగ్గింది. నిన్న మొదటిసారి చారుతో అన్నం తిన్నాను. ఒక ముద్ద నోట్లో పెట్టుకోగానే, "ఏం రత్నం, జ్వరం నాకొస్తే నువ్వు కొత్తిమీర మానేశావా? చారులో వెయ్యలేదేం?" అన్నాను. మా ఆవిడ రత్నకుమారి నా కంచం వంక చూసింది. నేనూ చూశాను. ఆకులు తేలుతున్నాయి. గుప్పెడు ఉంటుంది.

"అదే, ఇంకొంచెం పడాల్సింది" అని సర్దుకున్నాను.

భోజనమయ్యాక పెరట్లోకి వెళ్లి, కుళాయి పక్క మడిలో ఒక కొత్తిమీర రెమ్మ తుంచి, అరచేతిలో నలిపి ముక్కుకి ఆనించుకున్నాను. ఏమీ లేదు. ఇంగువ డబ్బా మూత తీశాను. ఏమీ లేదు. కాఫీపొడి, అగరువత్తి, చివరికి నా చెప్పులు కూడా చూశాను. ఏమీ లేదు.

ఇంకెవరికైనా ఇలా జరిగితే పెద్ద కష్టం కాదు. నాకు జరిగింది. ఈ నాచారం సందులో జనార్ధనరావు అంటే ముక్కు. పదేళ్ల కిందట స్టోర్సులో గోడ వెనక వైరు కాలుతుంటే, పొగ రాకముందే పసిగట్టింది ఈ ముక్కే. ఆ సంగతి నలుగురికీ పాకింది. అప్పట్నుంచి ఎవరింట్లో ఏడాదికి సరిపడా పొడులు కొట్టుకుంటున్నా, ధనియాలు పొయ్యి మీదికి ఎక్కగానే నాకు కబురొస్తుంది. నేను వెళ్లి పక్కన నిలబడతాను, సాయానికి రత్నం కూడా వస్తుంది. పచ్చివాసన పోతుంది, కమ్మని వాసన వస్తుంది, అది మాడువాసనలోకి తిరగబోయే ముందు ఒక్క క్షణం ఉంటుంది. ఆ క్షణంలో "దించండి" అంటాను. దించుతారు. కాఫీ ఇస్తారు. చేసేది అంతే, కాని అది ఇంకెవరి వల్లా కాదు.

రెండు రోజుల్లో అదే సర్దుకుంటుంది. ఉత్త పడిశం.

ఫిబ్రవరి 14.

వాసన లేదు.

ఫిబ్రవరి 15.

వాసన లేదు. నేను తుంచీ తుంచీ కొత్తిమీర మడిలో ఒక మూల బోడిగా అయింది. రత్నం చూసి, "ఏమండీ, మేక గాని దూరిందంటారా?" అంది. దూరే ఉంటుందన్నాను.

ఫిబ్రవరి 20. సోమవారం.

ల్యాబు డిస్పెన్సరీలో డాక్టర్ దామోదర్‌ని కలిశాను. "నాకొక స్నేహితుడున్నాడు" అని మొదలుపెట్టాను. ఫ్లూ తర్వాత పాపం అతనికి వాసన తెలియడం లేదన్నాను. డాక్టరు అంతా విని, టార్చి వేసి నా ముక్కులోకి చూశాడు.

"మీ దోస్తుకు జెప్పుండ్రి. కొందరికి నెలకే వస్తది, కొందరికి ఏడాది పడ్తది. కొందరికి రానే రాదు. ఫికర్ జేసుకుంట కూసుంటె మాత్రం జల్ది రాదు."

తప్పకుండా చెబుతానన్నాను. దారి పొడుగునా ఆ "రానే రాదు" అన్న ముక్కే తలలో తిరిగింది. డాక్టర్లకు నోటికి ఎంతొస్తే అంత అనడం అలవాటు.

మార్చి 11. రెండో శనివారం.

ఏటా మూడిళ్లకు ధనియాలు బేగంబజారు నుంచి తెచ్చేది నేనే. మాకు, మా ఇంటి ఓనరు శాంతాబాయికి, పక్కింటి కామరాజుకు. కామరాజుది తణుకు, మావైపే. మౌలాలిలో రైల్వే ఉద్యోగం. ఈ ఏడు వెళ్లనంటే ఎందుకని అడుగుతారు. అందుకని వెళ్లాను.

కొట్లో గుప్పెడు తీసుకుని నలిపి, ఎప్పటిలాగే కళ్లు మూసుకుని "ఊఁ" అన్నాను. షాపతను నా మొహం చూసి లోపల్నుంచి వేరే బస్తా తెప్పించాడు. అంటే ఇన్నాళ్లూ పని చేసింది ముక్కే కాదు, మొహం కూడా. కొంత ధైర్యం వచ్చింది.

వచ్చే దారిలో స్టవ్వుకు కిరసనాయిలు కూడా దొరికింది. డబ్బా మూత కాస్త వదులు. పడిపోకుండా ధనియాల పొట్లాల మధ్య ఇరికించి అదే సంచిలో పెట్టుకున్నాను. బస్సు కిక్కిరిసి ఉంది, అయినా నా పక్క సీటు దిగేదాకా ఖాళీయే. ఒకాయన వచ్చి కూర్చున్నాడు, నా వంక ఒకసారి చూశాడు, లేచి వెళ్లి నిలబడ్డాడు. వయసులో పెద్దవాడంటే ఈ ఊళ్లో ఎంత మర్యాదో!

సంచి అడుగు తడిసింది. బస్సులో ఎవరో మంచినీళ్లు ఒలకబోసుకున్నట్టున్నారు.

ఇంటికి రాగానే పొట్లాలు పంచేశాను. "ఫస్టు క్లాసు సరుకు. నాలుగేళ్లలో ఇలాంటిది రాలేదు" అని చెప్పాను. శాంతాబాయి పొట్లం విప్పి మొహం దగ్గర పెట్టుకుంది. పొట్లం వంక చూసింది, నా వంక చూసింది. "మస్తున్నయి సారూ" అంది. కామరాజు వాసన చూసి రెండుసార్లు దగ్గి, "తమరు చెప్పాక ఇక తిరుగేముందండీ" అన్నాడు. నేనేం చెప్పినా నమ్మేస్తారు. అది తలుచుకుంటే కొంచెం సిగ్గేసింది.

రత్నం మా పొట్లం విప్పి, మళ్లీ కట్టేసింది. "ఇప్పుడే వస్తా" అని చెప్పులేసుకుని బయటికెళ్లింది. అరగంట దాకా రాలేదు.

మార్చి 14.

ఈ ఏడు ధనియాలు ఎండబెట్టడం కొత్త ఫ్యాషన్ అయినట్టుంది. మావి డాబా మీద, శాంతాబాయివి చాపమీద వాకిట్లో, కామరాజువి వాళ్ల గోడమీద. మూడు రోజులుగా అన్నీ ఎండలోనే. ఎందుకని అడిగితే "పురుగు పట్టదుట" అంది రత్నం.

వాసన లేదు.

మార్చి 19. ఆదివారం.

ఇవాళ మా ఇంట్లో పొడి. గండం గట్టెక్కింది! ఎలాగో వివరంగా రాయాలి.

వారం నుంచి ఆలోచిస్తున్నాను. ముక్కు లేకపోతే చెవి లేదా? పచ్చి ధనియాలు మూకుడులో బరువుగా కదులుతాయి. వేగినకొద్దీ తేలికవుతాయి, చప్పుడు మారుతుంది. ఆ చప్పుడు పట్టుకుంటే చాలు. కట్టెల పొయ్యి మీద రత్నం కలుపుతుంటే నేను కళ్లు మూసుకుని వింటూ నిలబడ్డాను. గరగర, గరగర, గరగర. ఎంతసేపటికీ ఒకటే చప్పుడు. ఇంతలో రత్నం గాజులు గలగలమన్నాయి. వినడానికి అడ్డం, కాస్త ఆపు అందామని నోరు తెరిచి, ఏదో తట్టినట్టై "దించు" అన్నాను.

సరిగ్గా కుదిరింది. రంగు చూస్తే బంగారంలా ఉన్నాయి. రత్నం రెండు గింజలు నలిపి చూసి, "బాగా చెప్పారు" అంది.

చెవి పద్ధతి అని దీనికి పేరు పెట్టాను.

మార్చి 26. ఆదివారం.

కామరాజు ఇంట్లో పొడి. రత్నానికి పొద్దుట్నుంచి తలనొప్పి. పడుకోమన్నా వినకుండా నా వెంట వచ్చి, కామరాజు భార్య అరుణకుమారి చేతిలో గరిటె తనే తీసుకుని కలిపింది. నేను విన్నాను. సమయానికి "దించండి" అన్నాను. అమోఘంగా వచ్చాయని అరుణకుమారి అంది. వచ్చేటప్పుడు రత్నానికి తలనొప్పి పూర్తిగా తగ్గిపోయింది.

చెవి పద్ధతి స్థిరపడింది. ముక్కు వచ్చినా రాకపోయినా ఇక నాకు బాధ లేదు.

వాసన లేదు.

ఏప్రిల్ 2. ఆదివారం.

పొద్దున్నే వాకిట్లో శాంతాబాయి బండ మీద ధనియాలు పోసి, పాత చెప్పుతో రుద్దుతోంది. తినే వస్తువును చెప్పుతోనా అని నేను నిర్ఘాంతపోయాను.

"ఇత్తనం సారూ" అంది. "రెండు చెక్కలైతెనే మొలుస్తది. గింజ గింజ లెక్కనే ఏస్తె నెల దినాలు పండుకుంటది."

ఎదురుగా గంపెడు ధనియాలున్నాయి. ఇంత విత్తనం ఎందుకు, ఏ కొట్లో తెచ్చావు అన్నాను. శాంతాబాయి తల ఎత్తలేదు. "ఇంట్లయే సారూ" అని, వెంటనే మాట మార్చి అసలు సంగతి చెప్పింది. కూతురు తారామణికి సంబంధం కుదిరింది. మే పదకొండున పెళ్లి. ఆరువందల మంది వస్తారు. ఈ కొత్తిమీర బావి దగ్గర నీడన చల్లితే పెళ్లినాటికి కోతకొస్తుంది.

"ఇగ పెండ్లి ధనియాలు మాత్రం మీరే దించాలె సారూ. పది కిలోలు. మటన్ల అదే గద రుచి. మీరు జర దగ్గరుండాలె."

ఆ మటన్ నేను ముట్టను, దాని పొడికి ధనియాలు మాత్రం నా ముక్కు కిందే వేగాలి! "అలాగే, తప్పకుండా" అన్నాను. తారామణి నాకు ఆరేళ్ల పిల్లప్పట్నుంచీ తెలుసు. ఈ వాకిట్లోనే నా సైకిలు బెల్లు మోగించి పారిపోయేది. ఆ పిల్ల పెళ్లిభోజనం నా మాట మీద ఉంది.

ఏప్రిల్ 16. ఆదివారం.

రత్నం మల్కాజిగిరిలో చెల్లెలి ఇంటికి వెళ్లింది. పెళ్లికి ముందు ఒకసారి చెవి పద్ధతి ఒంటరిగా సాధన చేద్దామని రెండు గుప్పెళ్ల ధనియాలు మూకుడులో పోశాను. కళ్లు మూసుకుని కలుపుతూ విన్నాను. గరగర. చాలాసేపు గరగర. మారుతుందని చూస్తున్నాను. ఇంతలో గోడ అవతల్నుంచి అరుణకుమారి కేక: "అన్నయ్యగారూ! మీ ఇంట్లో ఏదో మాడిపోతోందండీ!"

కళ్లు తెరిచాను. వంటిల్లంతా పొగ. ధనియాలు బొగ్గులు.

గబగబా తీసుకెళ్లి పెరట్లో గొయ్యి తవ్వి పాతిపెట్టాను. చెవి పద్ధతిలో లోపమేమీ లేదు. మూకుడు మరీ పలచన.

ఏప్రిల్ 17.

మూకుడు పలచన కాదు.

ఏప్రిల్ 18.

రత్నం మాడిన మూకుడు చింతపండు వేసి తోముతోంది. ఏమైందని అడగలేదు. అడిగితే బాగుండుననిపించింది.

ఏప్రిల్ 30. ఆదివారం.

వాసన లేదు. పెళ్లి పదకొండు రోజుల్లో ఉంది. తారామణి ఎదురొచ్చి, "అంకుల్, అమ్మ మీ కోసం కొత్త కుర్చీ తెప్పిచ్చింది, పొయ్యి పక్కన ఏస్తదట" అంది నవ్వుతూ. నాకు అన్నం సయించలేదు.

మే 7. ఆదివారం.

చెప్పేశాను.

పొద్దున కాఫీ తాగి సరాసరి శాంతాబాయి వాకిట్లోకి వెళ్లి నిలబడ్డాను. ఆమె బియ్యం చెరుగుతోంది, ఆమె భర్త భూషణం పందిరి గుంజలకు తాళ్లు కడుతున్నాడు. "మీరిద్దరూ వినండి. నాకు మూడు నెలలుగా వాసన తెలియడం లేదు. మీ ధనియాలు నేను దించలేను. నన్ను నమ్మి పెళ్లివంట పాడుచేసుకోకండి" అన్నాను. ఒకే ఊపిరిలో అన్నాను, లేకపోతే అనలేకపోయేవాణ్ని.

భూషణం తాళ్లు వదిలేసి భార్య వంక చూశాడు. శాంతాబాయి చేట కింద పెట్టి నవ్వింది.

"ఎర్కనే సారూ."

"ఏమిటి తెలుసు?"

"మీకు ముక్కు పోయిందని. మీరు గాసునూనె ధనియాలు తెచ్చిన దినమే ఎర్కైంది. పొట్లం ఇప్పితె కండ్లకెళ్లి నీళ్లొచ్చినయి! మీరేమొ ఫస్ట్ క్లాస్ ఫస్ట్ క్లాస్ అనవడ్తిరి."

గాసునూనె అంటే కిరసనాయిలు. వదులు మూత, తడిసిన సంచి, ఖాళీ సీటు, అన్నీ ఒక్కసారే గుర్తొచ్చాయి.

"కామరాజుకీ తెలుసా?"

"గల్లీల అందరికెర్క. మూడు దినాలు ఎండకు పెట్టినా గా వాసన పోలె. మీ ఇంట్ల అమ్మ గా దినమే ఇంటింటికొచ్చి జెప్పింది. 'ఆయనకు ఆ ముక్కంటే ప్రాణం. ఎవరు ఏమనకుండ్రి, ఆయనే చెప్తడు' అని. వేరే ధనియాలు ఉప్పల్ల దుకాణంకెళ్లి తెప్పిచ్చి ఇచ్చింది. మీరు తెచ్చినయి నేను చెప్పుతోటి పలగ్గొట్టి మడిల జల్లిన. సూడుండ్రి, ఎట్ల మొల్సినయో!"

బావి పక్కన చూశాను. చాపంత మేర పచ్చగా, జానెడు ఎత్తున కొత్తిమీర.

"మరి కామరాజు ఇంట్లో నేను సరిగ్గానే దించానే!"

ఈసారి భూషణం నవ్వాడు. "అమ్మ గాజులు గలగలమంటయి, మీరు దించుమంటరు. మేం జూస్తలేమా సారూ!"

అన్నీ తెలిసి పెళ్లికి నన్నెందుకు పిలిచావని అడిగాను.

"మా ఇంట్ల ఏ పని జేసినా మీరొచ్చి నిలవడి దించుండ్రంటెనే దించినం" అంది శాంతాబాయి. "పిల్ల సిన్నప్పటి సంది గదే సూసింది. దాని పెండ్లికి మీరు లేకుంటె ఎట్ల? ముక్కు పోతె పోయింది, నోరున్నది గద!"

ఇంటికి వచ్చాను. కోపం వచ్చింది. ఊరందరి ముందు నన్ను వెర్రివాణ్ని చేసిందని రత్నం మీద మండిపడదామనే వచ్చాను. ఆమె వంకాయలు తరుగుతోంది. "ఒక్క మాట చెబితే నీ సొమ్మేం పోయేది?" అన్నాను.

రత్నం కత్తిపీట మీంచి లేవలేదు. "మీరే చెబుతారని చూశానండీ" అంది. "మూడు నెలల్నుంచి చూస్తున్నాను. మడిలో కొత్తిమీరంతా అయిపోయింది గాని మీ నోట్లోంచి మాట రాలేదు."

నా కోపమంతా దిగిపోయింది. చాలా సిగ్గేసింది. సందులో ప్రతి ఇంటికీ తెలిసిన సంగతి, ఈ ఇంట్లో ఉన్న మా ఇద్దరం ఒకరికొకరం చెప్పుకోలేదు. తప్పు నాదే. ఆ మాట ఆమెతో అన్నాను కూడా. "వంకాయ కూరలో కొత్తిమీర కారం పెట్టనా?" అంది. పెట్టమన్నాను.

మే 9. మంగళవారం.

సెలవు పెట్టాను. శాంతాబాయి వాకిట్లో మూడు రాళ్ల పొయ్యి, పెద్ద కడాయి. పది కిలోలూ ఐదు వాయిలుగా వేయించాలని ఏర్పాటు. పసుపు రాసుకున్న చేతులతో తారామణి గడపలో కూర్చుంది. సందులో ఆడవాళ్లంతా ఉన్నారు. నా కుర్చీ నిజంగానే కొత్తది.

నేను కూర్చోలేదు. "రత్నం, ఇటు రా" అన్నాను. అందరిలో పేరు పెట్టి పిలిచేసరికి ఆమె సిగ్గుపడింది. వచ్చాక చెయ్యి పట్టుకుని నా కుర్చీలో కూర్చోబెట్టి, పక్కన నిలబడ్డాను. "ఇవాళ దొంగచాటు వద్దు. నువ్వు చెప్పు, నేను అరుస్తాను" అన్నాను.

మొదటి వాయి. అందరూ ఊపిరి బిగబట్టి కడాయి వంక కాదు, రత్నం చేతి వంక చూస్తున్నారు. ఆమె ముక్కు కాస్త పైకెత్తింది. కళ్లు మూసుకుంది. నేను అచ్చం అలాగే చేసేవాణ్నేమో, నాకు తెలియదు. తర్వాత చెయ్యెత్తి గాజులు గలగలలాడించింది.

"దించండి!" అని అరిచాను. వాకిలంతా గొల్లున నవ్వింది. తారామణి పసుపు చేతులతోనే చప్పట్లు కొట్టింది. ఐదు వాయిలకూ ఐదుసార్లు గాజులు, ఐదుసార్లు అరుపు. చివరి వాయికి పిల్లలు కూడా నాతో కలిసి అరిచారు. ఒక్క గింజ మాడలేదు.

ఇంత సంతోషంగా నేను ఎప్పుడూ ధనియాలు దించలేదు.

మే 13. శనివారం.

పెళ్లి బాగా జరిగింది. మటన్ గురించి మగపెళ్లివారు ఇంకా చెప్పుకుంటున్నారట. మా శాకాహారుల పంక్తిలో పప్పుచారు నిండా నా కిరసనాయిలు ధనియాల కొత్తిమీరే.

పొద్దున బావి దగ్గర మిగిలిన నాలుగు రెమ్మలు కోసుకొచ్చాను. అలవాటుగా నలిపాను. ముక్కు దగ్గరికి తీసుకెళ్లబోయి ఆగి, చెయ్యి రత్నం మొహం ముందు పెట్టాను.

"ఎలా ఉంది వాసన?"

పెళ్లయి ఇరవై రెండేళ్లు. ఏ వాసనైనా ఎలా ఉందో ఆమెకు నేను చెప్పడమే గాని, నీకెలా ఉందని అడగడం ఇదే మొదలు. ఆమెకూ అది తెలిసినట్టుంది. నా అరచెయ్యి రెండు చేతులా పట్టుకుని నెమ్మదిగా వాసన చూసింది.

"నిమ్మతొక్క గిల్లినట్టుంది. వెనకాల కాస్త తడిమట్టి. కిరసనాయిలు లేదు లెండి" అంది.

నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. నేను ఎన్నడూ ఇంత బాగా చెప్పలేదు. ఇంత బాగా వాసన చూసేదానివి ఇన్నేళ్లూ నాచేత ఎందుకు దించమనిపించావని అడిగాను.

రత్నం కొంగుతో నా చెయ్యి తుడిచింది. "మీరేమీ అనుకోనంటే చెబుతాను. మీరెప్పుడూ ఒక్క క్షణం ఆలస్యంగానే చెప్పేవారండీ. ఎవరింట్లోనైనా మీరు దించు అనేలోపు నేను పొయ్యిలో కట్టె వెనక్కి లాగేసేదాన్ని."

"ఎప్పట్నుంచి?"

"మొదటి ఏడాది పొడి మాడినప్పట్నుంచి."

నేను ఏదో అనబోయాను. కాని నవ్వొచ్చింది. ఆపుకోలేక కుళాయి గట్టు మీద కూర్చుండిపోయి నవ్వాను. గోడ అవతల్నుంచి కామరాజు "ఏమైందండీ?" అని కేకేశాడు. "ఏం లేదు, నా ముక్కు సంగతి" అని నేనే చెప్పాను.

మే 14. ఆదివారం.

వాసన లేదు. రత్నాన్ని అడిగాను. బాగుందట.